హాలీవుడ్ పాట పాడటానికి ఎందుకు జంకింది, మళ్లీ ఎందుకు గొంతెత్తింది

2023 డిసెంబర్‌లో ‘వోంకా’ రిలీజైనప్పుడు ట్రైలర్ చూసి వెళ్లినవాళ్లలో చాలామందికి అది పాటల సినిమా అని హాల్లో కూర్చున్నాకే తెలిసింది. మొదటి సీన్లోనే హీరో ఓడ కొయ్య మీద నిలబడి పాట ఎత్తుకుంటాడు, ట్రైలర్లో మాత్రం ఆ పాటల ఊసే లేదు. నెల తిరిగేసరికి వచ్చిన ‘మీన్ గర్ల్స్’ ప్రచారం కూడా ఇదే దారిలో నడిచింది. మ్యూజికల్ అని ముందే చెబితే కొందరు ఆమడ దూరం పారిపోతారని పారామౌంట్ మార్కెటింగ్ వాళ్లు బాహాటంగానే ఒప్పుకున్నారు. షూటింగ్ సగంలో ఉండగానే ఫస్ట్ సింగిల్ వదిలి, పాట హిట్టయితే సినిమాకి సగం బిజినెస్ అయిపోయినట్టే అనుకునే మనకి ఇది వింతగా ఉంటుంది. ఇంత కష్టపడి పాటలు తీసి, అవి ఉన్నాయన్న సంగతి దాచడమేంటి?

దాదాపు ఏడాదికి, 2024 నవంబర్‌లో ‘వికెడ్’ వచ్చింది. 2003 నుంచి న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ఆడుతున్న నాటకం కాబట్టి అందులో పాటలున్నాయని దాచడం ఎవరి తరమూ కాదు. అమెరికాలో మొదటి వారాంతమే 11 కోట్ల డాలర్లు దాటింది, ప్రపంచం మొత్తం మీద 75 కోట్ల డాలర్ల దాకా లాగింది, పది ఆస్కార్ నామినేషన్లు తెచ్చుకుంది. అదీ ఇదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే దేశం, ఒకరే ప్రేక్షకులు, మధ్యలో ఒక్క ఏడాది. ఈ మార్పు అర్థం కావాలంటే వసూళ్ల లెక్కలకంటే ముందు ఒక చోట నిలబడి చూడాలి: అప్పటిదాకా మామూలుగా మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి పాడటం మొదలుపెట్టే చోటు. మన సినిమావాళ్లు సాంగ్ లీడ్ అంటారే, అదే. గత అరవై ఏళ్లలో హాలీవుడ్ మ్యూజికల్ పడటమూ లేవటమూ అక్కడే జరిగాయని నా అభిప్రాయం.

పద్యనాటకం చూసినవాళ్లకి ఈ సంగతి విడిగా చెప్పనక్కర్లేదు. రాయబారం సీన్లో కృష్ణుడు వచనంలో మాట్లాడుతూ మాట్లాడుతూ, విషయం వేడెక్కేసరికి పద్యం అందుకుంటాడు, హార్మోనియం శ్రుతి కలుపుతుంది, రాగాలాపన ఎంతసేపు సాగితే జనం అంతసేపు ఊపిరి బిగబట్టి వింటారు, చివర్లో ‘వన్స్ మోర్’ అని అరిస్తే ఆ పద్యం మళ్లీ మొదటి నుంచి పాడతాడు. సభలో యుద్ధం గురించి మాట్లాడుతూ ఈయన పాడటమేంటని ఏ ఊళ్లోనూ ఎవరూ అడగలేదు. మాటల్లో పట్టనంత కోపమో దుఃఖమో వచ్చినప్పుడు మనిషి పాడతాడని నటుడికీ ప్రేక్షకుడికీ మధ్య ఒక ఒప్పందం ఉంది. మ్యూజికల్ అనే ప్రక్రియ మొత్తం నిలబడేది ఈ ఒప్పందం మీదే. అది ఉన్నంతకాలం ఎంత పెద్ద పాటైనా నడుస్తుంది, తెగిపోయిన రోజున రెండు లైన్ల పాట కూడా నవ్వు తెప్పిస్తుంది.

ఇక్కడ మన సినిమాకీ వాళ్ల మ్యూజికల్‌కీ ఉన్న తేడా కూడా చూడాలి, ఎందుకంటే ‘మన సినిమాలన్నీ మ్యూజికల్సే కదా’ అనే మాట తరచూ వినిపిస్తుంది. మన సినిమాల్లో చాలా పాటలు కథను కాసేపు ఆపి వేరే పని చేస్తాయి. అందం చూపిస్తాయి, డాన్స్ చూపిస్తాయి, ప్రేక్షకుడికి ఊపిరి పీల్చుకునే టైమిస్తాయి. అది తప్పేం కాదు, మన పద్ధతి వేరు. మ్యూజికల్లో పాట మొదలైనప్పుడు పాత్ర ఒకచోట ఉంటే, పాట అయ్యేసరికి ఇంకోచోట ఉండాలి. నిర్ణయం తీసుకోవాలి, అబద్ధం బయటపడాలి, ప్రేమ పుట్టాలి, చావాలి. ఈ లెక్కన మనకీ అసలైన మ్యూజికల్స్ ఉన్నాయి. 1963 ‘లవకుశ’లో పిల్లలిద్దరూ రామకథ పాడుకుంటూ అయోధ్యలో తిరిగే పాటలు తీసేస్తే తండ్రీ కొడుకులు కలుసుకునే దారే మూసుకుపోతుంది. ‘నాటు నాటు’ కూడా ఆ కోవలోకే వస్తుంది. డాన్స్ రాదని భీమ్‌ని తెల్లదొర అవమానిస్తాడు, రామ్ డ్రమ్ము అందుకుంటాడు, అది పందెంగా మారుతుంది, ఒక్కొక్కరే అలసి పడిపోతారు, చివరికి ఇద్దరే మిగిలినప్పుడు జెన్నీ కళ్లు భీమ్ మీదే ఉన్నాయని గమనించి రామ్ కావాలని కింద పడతాడు. స్నేహం ఎంత లోతైనదో ఆ పడటంలోనే తెలిసిపోతుంది, మాటలక్కర్లేదు. 2023లో ఆ పాటకి ఆస్కార్ రావడానికి కాళ్ల వేగం ఒక కారణమైతే, అమెరికన్లకి బాగా తెలిసిన మ్యూజికల్ వ్యాకరణంలోనే ఆ పాట ఉండటం రెండో కారణమని గట్టిగా నమ్ముతాను. లాస్ ఏంజిలిస్‌లోని చైనీస్ థియేటర్లో జనం సీట్లలోంచి లేచి తెర ముందుకెళ్లి స్టెప్పులేసిన వీడియోలు చూసే ఉంటారు.

మరి అంత తెలిసిన వ్యాకరణానికి వాళ్లే ఎందుకు దూరమయ్యారు? 1965లో ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ అప్పటిదాకా ఉన్న వసూళ్ల రికార్డులన్నీ తుడిచిపెట్టేసింది. ఆ డబ్బు చూసి స్టూడియోలు అలాంటివే భారీ సెట్లతో వరసపెట్టి తీశాయి, ‘డాక్టర్ డూలిటిల్’, ‘స్టార్!’, ‘హలో, డాలీ!’ పెట్టిన డబ్బు కూడా రాబట్టలేక స్టూడియోలను అప్పుల్లోకి లాగాయి. ఇక్కడ డబ్బుకంటే పెద్ద దెబ్బ ఇంకోటి తగిలింది. వియత్నాం యుద్ధం, పౌరహక్కుల ఉద్యమం, వీధుల్లో గొడవలు నడుస్తున్న కాలంలో యువతకి తెర మీద ధూళి, చెమట, నిజం కావాల్సి వచ్చింది. రోడ్డు మీద నడుస్తున్న మనిషి హఠాత్తుగా ఆర్కెస్ట్రాతో పాడటం వాళ్లకి అబద్ధంగా కనిపించింది. ఒప్పందం అక్కడ తెగింది.

1972లో ‘క్యాబరే’ దానికో ఉపాయం కనిపెట్టింది. పాటలన్నీ దాదాపుగా ఒక నైట్‌క్లబ్ స్టేజీ మీదే జరుగుతాయి, అక్కడ పాడటం వాళ్ల ఉద్యోగం. బయట బెర్లిన్‌లో నాజీలు పెరుగుతుంటారు, లోపల పాట దాని మీద వ్యాఖ్యానం చేస్తుంటుంది. ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. ఈ ఉపాయం గుర్తుపెట్టుకోండి, ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ పనికొస్తుంది.

మధ్యలో మ్యూజికల్‌ని బతికించింది కార్టూన్. బొమ్మ పాడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. 1989 ‘ది లిటిల్ మెర్‌మెయిడ్’తో హోవర్డ్ ఆష్మన్ అనే పాటల రచయిత, సంగీత దర్శకుడు అలన్ మెంకెన్ కలిసి నాటకరంగంలోని పద్ధతులన్నీ డిస్నీకి తీసుకొచ్చారు. వాటిలో ముఖ్యమైనది ‘నాకిది కావాలి’ పాట: సినిమా మొదట్లోనే ప్రధాన పాత్ర తన కోరికను ప్రేక్షకుడి ముందు పాడి చెబుతుంది, ఆ క్షణం నుంచి ఆ కోరిక మన కోరిక అయిపోతుంది. పిల్లలు కుదురుగా కూర్చోవట్లేదని జలకన్య పాడే ఆ పాటనే తీసేద్దామనుకున్నారు, ఆష్మన్ వాళ్లు పట్టుబట్టి ఉంచారు. ఆయన 1991లో ఎయిడ్స్‌తో చనిపోయాడు, తాను పాటలు రాసిన ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ విడుదల కూడా చూడలేదు. ఆ పాటలు వింటూ పెరిగిన పిల్లలే ఈరోజు టికెట్ కొనే పెద్దవాళ్లు. 2013లో ‘ఫ్రోజెన్’ చూసి ఇల్లంతా తిరుగుతూ పాడిన అయిదేళ్ల పాప ‘వికెడ్’ వచ్చేసరికి పదహారేళ్ల అమ్మాయి. ‘ఫ్రోజెన్’లో ఎల్సాకి గొంతిచ్చిన ఇడినా మెంజెలే బ్రాడ్‌వేలో ‘వికెడ్’ నాటకానికి మొట్టమొదటి ఎల్ఫబా, అంటే పచ్చరంగు ఒంటి మంత్రగత్తె హీరోయిన్. అంటే ఆ పాపకి ఎల్ఫబా గొంతు ముందే తెలుసు. దీనికి తోడు అమెరికా హైస్కూళ్లలో ఏటా మ్యూజికల్ వేయడం ఆనవాయితీ, అక్కడ చదివే మన తెలుగు పిల్లలు కూడా వాటిలో వేషాలు కడుతున్నారు.

2001, 2002 అసలు మలుపు. ‘ములాన్ రూజ్!’ తీసిన బాజ్ లర్‌మన్ భారతదేశం వచ్చినప్పుడు ఒక హిందీ సినిమా చూసి, నవ్వూ ఏడుపూ పాటా ఒకే సినిమాలో పక్కపక్కన ఉండటం, జనం దాన్ని హాయిగా చూడటం తనకు దారి చూపించిందని చెప్పాడు. ఆ సినిమాలో ‘చమ్మా చమ్మా’ పాట ముక్క కూడా వాడుకున్నాడు. ఆయన చేసిన తెలివైన పని, పాత కథకి జనానికి అప్పటికే నోటికొచ్చిన పాప్ పాటలు పెట్టడం. పాట మొదలవగానే ఇబ్బందిపడే ప్రేక్షకుడు కూడా ‘అరె, ఇది తెలుసే’ అని మెత్తబడతాడు.

ఆ మరుసటేడు ‘షికాగో’. దర్శకుడు రాబ్ మార్షల్, రచయిత బిల్ కాండన్ ‘క్యాబరే’ ఉపాయాన్నే ఇంకో మెట్టు ఎక్కించారు: పాటలు దాదాపుగా అన్నీ హీరోయిన్ రాక్సీ ఊహలో, ఆమె కలలు కనే స్టేజీ మీద జరుగుతాయి. నిజంలో స్టేజీ మీద తప్ప ఎవరూ పాడరు. సాకు పక్కాగా ఉంది కాబట్టి జంకేవాళ్లు కూడా కూర్చున్నారు. కానీ ఆ సినిమా గొప్పతనం సాకులో లేదు, ఆ సాకుతో ఏం చేశారన్న దాంట్లో ఉంది. ప్రియుణ్ని కాల్చి చంపిన రాక్సీని విలేకరుల ముందు ప్రవేశపెట్టే సీన్ ఒకటుంది. మామూలు సినిమాలో అయితే లాయరు ఆమెకి ముందే మాటలు నేర్పినట్టు, విలేకరులు నమ్మినట్టు రెండు మూడు సీన్లు పడతాయి. ఇక్కడ పాట మొదలవగానే రాక్సీ లాయరు ఒళ్లో కూర్చున్న బొమ్మ అయిపోతుంది, ముఖానికి బొమ్మ మేకప్, దవడ మాత్రమే కదులుతుంది, మాటలు ఆయనవి. కాసేపటికి కెమెరా వెనక్కి జరిగితే విలేకరులందరి చేతులకీ తాళ్లు, వాటిని ఆడించేది కూడా ఆ లాయరే. పత్రికలు, కోర్టు, కీర్తి అన్నీ ఎవరి చేతుల్లో ఉన్నాయో ఆ నాలుగు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇది మాటల్లో చెబితే ఉపన్యాసం అవుతుంది. ‘షికాగో’ ఉత్తమ చిత్రం ఆస్కార్ గెలిచింది, 1968 నాటి ‘ఆలివర్!’ తర్వాత ఒక మ్యూజికల్‌కి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి.

తర్వాతి అడుగు గొంతు విషయంలో పడింది, ఇది మనవాళ్లకి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే సంగతి. ప్లేబ్యాక్ వాళ్లకీ ఉండేది. ‘ది కింగ్ అండ్ ఐ’లో డెబొరా కెర్‌కి, ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో నటాలీ వుడ్‌కి, ‘మై ఫెయిర్ లేడీ’లో ఆడ్రీ హెప్బర్న్‌కి పాడింది ఒక్కరే, మార్నీ నిక్సన్. తెర మీద ఆమె పేరు వేయలేదు. మన దగ్గర ఘంటసాల, సుశీల పేర్లు రికార్డుల మీద ఘనంగా వేసుకున్నారు, హీరో గొంతు వేరు పాట గొంతు వేరని అందరికీ తెలుసు, ఎవరూ మోసపోయామనుకోలేదు. అక్కడ మాత్రం అది రహస్యంగా ఉంచారు కాబట్టి బయటపడ్డాక మోసంలా అనిపించింది. ఆ జ్ఞాపకం ఉంది కాబట్టే ‘మావాళ్లు సొంతంగా పాడారు’, ‘సెట్లో అప్పటికప్పుడు పాడారు’ అనేవి ఇవాళ్టికీ అక్కడ పెద్ద ప్రచారాస్త్రాలు.

2012 ‘లే మిజరాబ్ల్’ దాన్ని పూర్తిగా వాడుకుంది. నటుల చెవిలో కనిపించనంత చిన్న ఇయర్‌పీస్, సెట్ అవతల ఒక పియానో వాద్యకారుడు. నటులు ఎక్కడ ఆగితే ఆయనా అక్కడ ఆగుతాడు, ఏడుపు గొంతుకి అడ్డం పడితే ఎదురుచూస్తాడు, ఆర్కెస్ట్రా అంతా తర్వాత ఆ గొంతుకి తగ్గట్టు రికార్డ్ చేస్తారు. ముందే రికార్డయిన పాటకి పెదాలు కదపడంలో నటన వేగం నెలల క్రితమే ఖాయమైపోతుంది, ఇక్కడ ఆ వేగం నటి చేతికొచ్చింది. జుట్టు, ఉద్యోగం, మానం అన్నీ పోగొట్టుకున్న ఫాంటీన్‌గా ఆన్ హాథవే ఒకే షాట్లో, కెమెరా ముఖం మీంచి కదలకుండా పాడిన పాట చూడండి, కొన్ని చోట్ల స్వరం చీలిపోతుంది, ఊపిరి వినిపిస్తుంది, దాన్ని సరిదిద్దలేదు. ఆమెకి ఆస్కార్ వచ్చింది. అయితే అదే సినిమాలో గట్టిగా పాడలేని నటులు కూడా అదే పద్ధతిలో పాడి ఇబ్బందిపెట్టారు. లైవ్‌గా పాడటం గొప్ప సాధనమే గానీ అన్ని పాటలకీ అది మందు కాదు, డాన్స్ ఎక్కువున్న పాటలకి మన ప్లేబ్యాకే మేలు.

2016 ‘లా లా ల్యాండ్’తో సాకులు కూడా పోయాయి. లాస్ ఏంజిలిస్ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ జామ్, ఎండ, హారన్లు, ఒక అమ్మాయి కారు దిగి పాడుతుంది, ఒక్కొక్క కారూ తలుపు తెరుచుకుంటుంది, కాసేపటికి రోడ్డంతా కార్ల మీద గంతులు. పాట ఆఖర్న అందరూ ఒకేసారి కార్లలోకి దూరి తలుపులు వేసేస్తారు, మళ్లీ హారన్లు. ఇది కలా, స్టేజీయా, ఊహా అన్న వివరణ ఎక్కడా లేదు. ‘ఈ సినిమాలో జనం పాడతారు, ఇష్టమైతే ఉండండి’ అని మొదటి అయిదు నిమిషాల్లో చెప్పేశాడు డేమియన్ షజెల్. ఆ ధైర్యమే ఒప్పందాన్ని మళ్లీ కుదిర్చింది. ఆ మరుసటేడు ‘ది గ్రేటెస్ట్ షోమ్యాన్’ అమెరికాలో మొదటి వారాంతం 88 లక్షల డాలర్లతో నీరసంగా మొదలై, వారం వారం పడిపోకుండా నిలబడి 17 కోట్లు దాటింది. విమర్శకులు పెదవి విరిచిన సినిమాని పాటలు మోశాయి. హాల్లోంచి బయటికొచ్చి ఫోన్లో విన్నారు, విని మళ్లీ హాలుకెళ్లారు. మామూలు సినిమాకి ఓటీటీ, యూట్యూబ్ పోటీ అయితే, మ్యూజికల్‌కి అవే ప్రచారం చేసిపెడతాయని అప్పుడు తేలింది.

ఇక్కడితో అంతా బాగుపడిపోయిందనుకుంటే పొరపాటే. 2019లో ‘క్యాట్స్’ గ్రాఫిక్స్ పూర్తికాకుండానే హాళ్లలోకొచ్చి, సరిదిద్దిన కాపీని మళ్లీ పంపాల్సినంత గందరగోళమైంది. 2021లో స్పీల్‌బర్గ్ ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ దాదాపు 10 కోట్ల డాలర్ల ఖర్చుకి 7.6 కోట్ల దగ్గర ఆగిపోయింది. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది, ఎందుకంటే ఈ ఇరవై ఏళ్లలో కెమెరా, డాన్స్, వీధి మూడూ అంత చక్కగా కలిసిన మ్యూజికల్ నాకు ఇంకోటి కనపడలేదు. ‘షికాగో’ లాంటి వాటిలో ప్రతి అడుగుకీ ఒక కట్ పడి డాన్సు ముక్కలైపోతుంది, స్పీల్‌బర్గ్ మనిషి నిలువెత్తునా కనిపించేలా దూరం నుంచి తీశాడు. ఒమిక్రాన్ రోజుల్లో పెద్దవయసు ప్రేక్షకులు హాలుకి రాకపోవడం దాన్ని దెబ్బతీసింది. 2024లో ‘జోకర్’ రెండో భాగం సంగతి వేరు. పాటలున్నాయి గానీ ఇది మ్యూజికల్ కాదన్నట్టు మాట్లాడారు, పాటలు కూడా అలాగే గొణుగుడుగా, సగం మనసుతో వచ్చాయి. మొదటి భాగం 100 కోట్ల డాలర్లు దాటితే ఇది అందులో అయిదో వంతు దగ్గర ఆగింది. పాడాలా వద్దా అని పాత్రే తటపటాయిస్తే ప్రేక్షకుడు ఇంకెందుకు నమ్ముతాడు?

‘వికెడ్’ దర్శకుడు జాన్ ఎం. చూ అంతకుముందు 2021లో ‘ఇన్ ద హైట్స్’ తీసి నష్టపోయినవాడే. ఈసారి తటపటాయింపు లేదు. ఊరి సీన్ల కోసం ఇంగ్లండ్‌లో 90 లక్షల తులిప్ మొక్కలు నాటించాడు, నటులచేత చాలావరకు సెట్లోనే పాడించాడు. అన్నిటికంటే పెద్ద నిర్ణయం, నాటకాన్ని సరిగ్గా ఇంటర్వెల్ దగ్గర రెండుగా కోయడం. నాటకం మొత్తం ఇంటర్వెల్‌తో కలిపి 2 గంటల 45 నిమిషాలైతే, సినిమా మొదటి భాగమే 160 నిమిషాలు. నాటకంలో ఇంటర్వెల్ బ్యాంగ్‌గా వచ్చే ఎల్ఫబా ఎగిరే పాట ఇక్కడ సినిమా క్లైమాక్స్ అయింది. పాటని మధ్యమధ్యలో ఆపి, మాటలు, తరుముడు కలిపారు. ఒకచోట ఆమె బురుజు మీంచి కిందికి పడిపోతూ అద్దంలో చిన్నప్పటి తననే చూసుకుంటుంది, పచ్చరంగు ఒళ్లని అందరూ వెక్కిరించిన ఆ పిల్ల వైపు చెయ్యి చాస్తుంది, అక్కడి నుంచి పాట మళ్లీ పైకి లేస్తుంది. అప్పటిదాకా ఆ పాటని వందలసార్లు విన్నవాళ్లకి కూడా ఆ గాలిలో పడే క్షణం కొత్తది. సింథియా ఎరివో తీగల మీద వేలాడుతూ పాడింది, ఆ శ్రమ గొంతులో తెలుస్తుంది.

హాల్లో ప్రేక్షకులు గొంతు కలపడం మీద అప్పుడు పెద్ద గొడవే నడిచింది. ఏఎంసీ థియేటర్లు సినిమా ముందు పాడొద్దని విన్నపం వేశాయి, నెల తర్వాత క్రిస్మస్‌కి పాడుకోవాలనుకునేవాళ్ల కోసమే వేరే షోలు పెట్టారు. రీ-రిలీజ్ షోల్లో హాలంతా కోరస్ పాడే మనకి ఇందులో తగువు కనపడదు గానీ, ఇంట్లో అన్నీ దొరుకుతున్న రోజుల్లో మనిషిని హాలుదాకా రప్పించేది ఇలా పదిమందితో కలిసి పాడే అవకాశమే. 2025 ఆగస్టులో దీన్ని ‘కేపాప్ డీమన్ హంటర్స్’ ఇంకా స్పష్టంగా చూపించింది. అది జూన్ నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్న సినిమా, ఎవరైనా ఇంట్లో చూసుకోవచ్చు, అయినా రెండు రోజులు పాడుకునే షోలు వేస్తే పిల్లలు, తల్లిదండ్రులు హాళ్లు నింపేశారు. అందులోని ‘గోల్డెన్’ పాట అమెరికా హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో వారాల తరబడి మొదటి స్థానంలో నిలిచింది. విడిగా వింటే అది హుషారైన పాప్ పాట. సినిమాలో అయితే తాను సగం రాక్షసి అన్న రహస్యం దాస్తున్న గాయని రూమీకి సరిగ్గా ఆ పాటలోని పైస్థాయి దగ్గరే గొంతు పలకదు. ఆష్మన్ డిస్నీకి తెచ్చిన ‘నాకిది కావాలి’ పాటే, కొరియా వేషంలో.

2025 నవంబర్‌లో ‘వికెడ్’ రెండో భాగం మొదటి దానికంటే పెద్ద ఓపెనింగ్ తెచ్చుకుని, మొత్తం వసూళ్లలో మాత్రం దాన్ని అందుకోలేకపోయింది. నాటకంలో కూడా పేరున్న పాటలు ఎక్కువగా ఇంటర్వెల్ ముందే అయిపోతాయి, సినిమాకి అదే బరువైంది. స్టూడియోలు ఇంకా ఎక్కువగా పేరున్న నాటకాలనే నమ్ముకుంటున్నాయి. సొంత కథ, సొంత పాటలతో ధైర్యం చేసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, కానీ ‘లా లా ల్యాండ్’, ‘షోమ్యాన్’, ‘కేపాప్’ మూడూ ఆ జాబితాలోవే.

ఇవి అలవాటు లేనివాళ్లు ‘షికాగో’తో మొదలుపెట్టండి, పాటకి కారణం దొరుకుతుంది కాబట్టి ఇబ్బంది ఉండదు. తర్వాత ‘లా లా ల్యాండ్’, ఆ తర్వాత ‘వికెడ్’. 2021 ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ని మాత్రం దొరికినంత పెద్ద తెర మీద చూడండి. ఇంగ్లిష్ బాగా వచ్చినా పాటలప్పుడు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, వీటిలో కథంతా చరణాల్లోనే నడుస్తుంది. పాట వచ్చిందని ఫోన్ చేతిలోకి తీసుకుంటే తిరిగి తలెత్తేసరికి పాత్రలు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటాయి.